ఆరాధన టీమ్ ఆడిషన్‌కి ఎలా సిద్ధపడాలి: నరసాపురం యూత్ కూటంలో చేసిన ప్రసంగం

అందరికీ వందనాలండీ. వెనకాల నిలబడ్డ తమ్ముళ్లు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. గోదావరి అవతల సఖినేటిపల్లి నుంచి పంటు ఎక్కి వచ్చినవాళ్లు మళ్లీ రేవు దాటాలి కాబట్టి ఎక్కువసేపు లాగను.

క్రిస్మస్ పనులు మొదలయ్యేలోపు పాటల టీమ్‌లోకి కొత్తవాళ్లని తీసుకుందామని అయ్యగారు అన్నారు. పేర్లు చాలానే వచ్చాయి, సంతోషం. అయితే పేరిచ్చినవాళ్లలో చాలామంది ఇప్పటికే ఫోన్లో ట్రాక్ డౌన్‌లోడ్ చేసుకుని, పొడుగాటి ఆలాపనలున్న పాట ఒకటి పట్టుకుని, రాత్రీ పగలూ అదే పాడుతున్నారని మీ ఇళ్లల్లోవాళ్లే చెబుతున్నారు. (నవ్వులు) అందుకే ముందే చెప్పేస్తున్నా. ఆడిషన్ రోజు ఆ గదిలో ఒక పక్క మన సంఘంలోని అమ్మలు, పెద్దాయనలు కొందరు కూర్చుని ఉంటారు. మీరు పాడుతుంటే మేం ఎక్కువగా వాళ్లనే చూస్తాం. వాళ్లు మీతో కలిసి పాడుతున్నారా, లేక రెండో లైనుకే ఆగిపోయి ‘అబ్బాయి బాగా పాడుతున్నాడే’ అని మీ వంక చూస్తూ కూర్చున్నారా అని. బాగా పాడుతున్నాడే అనిపించుకున్నవాడికి స్పెషల్ సాంగ్ ఇస్తాం, దానికి వేరే రోజుంది. ఆరాధన నడిపించడానికి కావలసింది జనం చేత పాడించేవాడు. నేనివాళ చెప్పేదంతా ఈ ఒక్కదాని చుట్టూనే తిరుగుతుంది, కాబట్టి ఇది వినేసి ఇంటికెళ్లిపోయినా నాకేం బాధ లేదు.

ఇంకో మాట కూడా నా చెవిన పడింది. ‘దేవుడికి పాడటానికి ఆడిషన్ ఏంటండీ, హృదయం ఉంటే చాలదా’ అని. అడిగినవాళ్లని తప్పుపట్టను, న్యాయమైన ప్రశ్నే. మొదటి దినవృత్తాంతములు 25వ అధ్యాయం తీయండి. ఆసాపు, హేమాను, యెదూతూను వాళ్ల కిందున్న పాటకుల లెక్క 288. వాళ్లంతా నేర్చుకున్నవాళ్లు, ప్రవీణులు అని అక్కడే రాసుంది. తర్వాత వంతుల కోసం చీట్లు వేశారు, పిన్నా పెద్దా అని చూడలేదు, గురువూ శిష్యుడూ అని చూడలేదు. గమనించారా, చీటీ వేసింది ఎవరి వంతు ఎప్పుడు అన్నదానికి. పాడటం వచ్చా రాదా అన్నదానికి చీటీ వేయలేదు. 15వ అధ్యాయంలో కెనన్యా అనే ఆయనకి పాట నడిపించే పని ఎందుకిచ్చారంటే, ఆయనకి అది బాగా వచ్చు కాబట్టి. అంతే కారణం.

దావీదు సంగతి ఇంకా సరదాగా ఉంటుంది. మొదటి సమూయేలు 16లో సౌలు, బాగా వాయించేవాణ్ణి ఒకణ్ణి వెతకండి అంటాడు. అప్పుడు పనివాళ్లలో ఒకడు దావీదు గురించి చెబుతూ, వాయించడం వచ్చు అని ఊరుకోడు. శూరుడు, మాట నేర్పరి, అందగాడు, దేవుడు తోడున్నవాడు అని వరసగా చెప్పుకొస్తాడు. అందం సంగతి మాకు పట్టింపు లేదు లెండి. (నవ్వులు) కానీ దావీదు తన గురించి తాను ఒక్క ముక్క చెప్పుకోలేదు చూడండి, ఆయన్ని ఎరిగినవాడు చెప్పాడు. మీ గురించి కూడా మీ వీధిలోవాళ్లు, సండే స్కూల్ టీచర్లు మాకు చెబుతారు. ఆడిషన్‌లో ఆ పది నిమిషాలే లెక్క అనుకోకండి.

సరే, పాట ఎంచుకోవడం దగ్గరికొద్దాం, ఎక్కువమంది బోర్లా పడేది ఇక్కడే. రెండు పాటలు సిద్ధం చేసుకోండి. ఒకటి పాత కీర్తన, ఒకటి ఇప్పుడు మనం ఆదివారం పాడుకుంటున్న పాట. రెండూ సంఘానికి తెలిసినవై ఉండాలి. ఎవరూ వినని పాట తెచ్చి, జనం కలవలేదండీ అంటే ఎలా?

ఇప్పుడు స్కేల్, అంటే పాటని ఏ శృతిలో ఎత్తుకోవాలి అన్నది. యూట్యూబ్‌లో మీరు వినే పాట ఆ గాయకుడి గొంతుకి తగ్గట్టు రికార్డు చేసింది. ఆయన గొంతు పైకి బాగా వెళ్తుంది, రోజూ సాధన చేస్తాడు, స్టూడియోలో ఒక్కో లైను విడిగా పాడే వీలుంది. మన గుళ్లో పొద్దున్నే లేచి ఇంటి పని చేసుకుని, పిల్లల్ని తయారుచేసుకుని వచ్చిన అమ్మ అదే స్కేల్లో పాడాలంటే ఎక్కడ పాడుతుంది? మగవాళ్ల గొంతు, ఆడవాళ్ల గొంతు మధ్య దాదాపు ఒక స్థాయి తేడా ఉంటుంది, కాబట్టి కలిసి పాడేటప్పుడు మగవాళ్లు కింది స్థాయిలో, ఆడవాళ్లు పై స్థాయిలో అవే స్వరాలు పాడతారు. ఇద్దరికీ ఇబ్బంది లేకుండా ఉండాలంటే పాటలో అన్నిటికంటే పై స్వరం కీబోర్డు మీది డి దాటకుండా చూసుకోండి, సి దగ్గర ఆగితే ఇంకా హాయి. అడుగున ఏ కంటే కిందికి దిగితే పెద్దవాళ్ల గొంతు అసలు వినపడదు. అంటే ఆ కింది ఏ నుంచి పై డి దాకా ఉన్న మెట్లలో పాట మొత్తం ఇమడాలి.

ఎలా చూసుకోవాలంటే, పాటలో ఎక్కువ పైకి వెళ్లే లైను ఏదో కనుక్కోండి, మామూలుగా అది చరణం చివర్లోనో, పల్లవి రెండోసారి ఎత్తుకునే చోటో ఉంటుంది. అక్కడి స్వరాన్ని కీబోర్డు మీద వెతకండి. పాట జి స్కేల్లో ఉండి, ఆ లైను పైన ఇ దాకా వెళ్తోందనుకోండి, రెండు అరమెట్లు, అంటే నలుపూ తెలుపూ కలిపి రెండు మీటలు దించి ఎఫ్‌లో పెట్టుకుంటే పై స్వరం డి అవుతుంది. ట్రాన్స్‌పోజ్ బటన్ మీద మైనస్ రెండు, అంతే పని. హార్మోనియం దగ్గర పెరిగినవాళ్లు ఒకటో శృతి, ఐదో శృతి అంటారు కదా, ఒకటంటే సి, ఐదంటే జి, ఐదున్నర అంటే జి షార్ప్. ఆ పద్ధతిలో చెప్పినా మాకు అర్థమవుతుంది. స్కేల్ ఏంటని అడిగితే మాత్రం ‘ఒరిజినల్ స్కేలే అన్నా’ అనకండి. మీ గొంతుకీ, సంఘం గొంతుకీ సరిపడే స్కేల్ ఏదో చీటీ మీద రాసుకుని రండి. చెల్లెళ్లకి ఒక మాట, కొందరు సినిమా పాటల అలవాటుతో బాగా కిందికి దించి పాడతారు, మైకులో మెత్తగా వినపడుతుంది, నిజమే. కానీ అక్కడ మగవాళ్లకి పాట పాతాళంలోకి పోతుంది, గొణుక్కుంటూ కూర్చుంటారు.

పాత కీర్తనల విషయానికొస్తే, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఇంట్లో ఉంటే తీసి చూడండి. కీర్తన పైన రాగం, తాళం అచ్చు వేసి ఉంటాయి, మనలో చాలామంది ఆ లైను వదిలేసి పల్లవిలోకి దిగిపోతారు. ఆ లైనే మీకు సగం పని చేసిపెడుతుంది. మోహన అని ఉందనుకోండి, ఐదే స్వరాలు, సరిగపద. సి ని సా గా పెట్టుకుంటే సి, డి, ఇ, జి, ఏ, అన్నీ తెల్ల మెట్లే. కీబోర్డు తమ్ముళ్లు ఇక్కడ ఎఫ్ కార్డు, జి కార్డు దట్టించేస్తారు. కార్డంటే ఒకేసారి కలిపి నొక్కే స్వరాలు కదా, ఎఫ్ కార్డులో ఎఫ్, జి కార్డులో బి, ఆ రెండూ మోహనలో లేని స్వరాలు. వేస్తే పాపమేం కాదు, చెవికి బాగుంటే వేయండి, కానీ ప్రతి అక్షరానికీ కార్డు మార్చేస్తే ఆ రాగం రుచి పోతుంది. సి, ఏ మైనర్ ఈ రెండిటితో కాసేపు నడిపి చూడండి, వాటిలో రాగం బయటి స్వరం ఒక్కటీ లేదు. ఇంకో సంగతి, ఒకే కీర్తనకి ఊరు మారితే బాణీ మారుతుంది. మీ అమ్మమ్మ గారి ఊళ్లో పాడే తీరు వేరు, ఇక్కడ వేరు. ఏది అసలుదని వాదించుకునే బదులు, ఇక్కడ ముందు వరసలో కూర్చునే పెద్దమ్మల్లో ఎవరినైనా పాడమని అడిగి నేర్చుకోండి. కాదంటారా? అడిగి చూడండి, కాఫీ ఇచ్చి మరీ నేర్పుతారు.

ట్రాక్ గురించి కొంచెం గట్టిగానే మాట్లాడతా. ట్రాక్ పెట్టుకుని పాడటం అలవాటైతే మీ చెవి పని మానేస్తుంది. శృతి అదే ఇస్తుంది, తాళం అదే ఇస్తుంది, ఎక్కడ ఎత్తుకోవాలో మధ్యలో వాయిద్యాల బిట్ వచ్చి చెబుతుంది. ఆదివారం పాట మధ్యలో అయ్యగారు చెయ్యెత్తి పల్లవి మళ్లీ పాడమంటే ట్రాక్ ఆగుతుందా? కరెంటు పోతే? అందుకని ఇప్పట్నుంచి ఇలా చేయండి. తంబురా యాప్ ఏదైనా ఫోన్లో వేసుకుని, మీ స్కేల్ పెట్టుకుని, దాని మీద పాడండి. కొన్ని రోజులయ్యాక అదీ ఆపేసి, వట్టి గొంతుతో పల్లవి నుంచి ఆఖరి చరణం దాకా పాడి, చివర్లో కీబోర్డు మీద సా నొక్కి చూసుకోండి. చాలామందికి అరమెట్టు, ఒక మెట్టు దిగిపోయి ఉంటుంది. దిగిపోతోందని తెలిస్తే సగం బాగుపడినట్టే, ఎందుకంటే ఎక్కడ దిగుతోందో వెతుక్కోవచ్చు. లైను చివర ఊపిరి చాలని చోట దిగుతుంది, లేదా పై నుంచి కిందికి వచ్చే చోట ఒక్కో మెట్టూ కాస్త పెద్దదిగా వేసేస్తాం. ఫోన్లో రికార్డు చేసుకుని వినండి. మీ గొంతు మీకే నచ్చదు మొదట్లో, అందరికీ అంతే, వినండి.

వాయిద్యాలు లేకుండా జనం శృతి ఎలా నిలబెడతారో చూడాలంటే దూరం వెళ్లనక్కర్లేదు. మన నరసాపురం, పాలకొల్లు ప్రాంతానికి 1830లలో బౌడెన్, బీర్ అనే బ్రదరెన్ శాఖ మిషనరీలు వచ్చారు, గోదావరి డెల్టా మిషన్‌కి పునాది వాళ్లదే. ఆ బ్రదరెన్ సంఘాల్లో చాలాచోట్ల రొట్టె విరిచే కూటంలో వాయిద్యం ముట్టుకోరు. ఎవరో ఒకాయన కూర్చున్నచోటి నుంచే ఎత్తుకుంటాడు, మిగతావాళ్లు అందుకుంటారు. అలాంటి కూటంలో ఒక ఆదివారం కూర్చుని వినండి. ఆ ఎత్తుకునే ఆయన మొదటి స్వరం ఎక్కడ పెడుతున్నాడో చూడండి, అందరికీ అందేచోట పెడతాడు, మైకూ లేదు, కీబోర్డూ లేదు. మీరు నేర్చుకోవలసిన విద్యలో పెద్ద భాగం అదే.

తాళం. మన పాటల్లో చాలావరకు తిశ్రం నడక, ఆరు దెబ్బలది, డోలక్ మీద ఊగుతూ వెళ్తుంది. మిగతావి నాలుగు దెబ్బల చతురశ్రం. మీ పాట ఏదో తెలుసుకుని, పాడకుండా మాటలు చదువుతూ చేత్తో తాళం వేయండి. తప్పేది ఎక్కడో వెంటనే దొరుకుతుంది. మెట్రోనోమ్ యాప్ వాడినా మంచిదే. ఇక్కడ ఎవరూ చెప్పని విషయం ఒకటుంది. పెద్ద పందిట్లో, కన్వెన్షన్లలో, పాట సాగదీసినట్టు అయిపోతుంది కదా, అందరూ జనాన్ని తిడతారు. శబ్దం సెకనుకి 340 మీటర్ల చొప్పున వెళ్తుంది. స్టేజీకి వంద అడుగుల దూరంలో ఉన్నాయనకి మీ పాట సెకనులో పదోవంతుకి కాస్త తక్కువ ఆలస్యంగా చేరుతుంది. ఆయన పాడింది మీ దగ్గరికి రావడానికి మళ్లీ అంత. మీరు ఆయన కోసం ఆగితే, ఆయన మీ కోసం ఇంకాస్త ఆగుతాడు, నాలుగో చరణానికి పాట పడుకుంటుంది. కాబట్టి జనం గొంతు వెనకబడ్డట్టు వినిపించినా మీరు డోలక్‌తోనే ఉండండి. అలాగని డోలక్ కంటే ముందుకి ఉరకకండి, జనాన్ని రేవులోనే వదిలేసి పంటు ఒక్కటీ అవతలి ఒడ్డుకి చేరినట్టుంటుంది.

వాయించేవాళ్లకి ఎక్కువ చెప్పను, వాళ్లతో వేరే కూర్చుంటాం. కీబోర్డు తమ్ముడూ, లైనుకీ లైనుకీ మధ్య ఖాళీ కనపడితే బిట్ వేయాలని చెయ్యి దురద పెడుతుంది, ఆ ఖాళీ జనం ఊపిరి తీసుకోవడానికి. బేస్ గిటార్ ఉన్నప్పుడు ఎడమ చెయ్యి తగ్గించు. డ్రమ్ ప్యాడ్స్ వాళ్లు వాల్యూమ్ తగ్గించమంటే మొహం మాడ్చుకోకూడదు. డోలక్, తబలా తెచ్చేవాళ్లు వానాకాలం చెమ్మకి తోలు వదులైపోయి శృతి దిగిపోతుందని తెలుసుగా, కాస్త ముందొచ్చి బిగించుకోండి.

గొంతు సంగతి. ఆడిషన్‌కి ముందు గటగటా నీళ్లు తాగేస్తారు కొందరు. తాగిన నీళ్లు అన్నవాహికలోకి పోతాయి, స్వరతంత్రుల మీద పడవు, పడితే పొలమారుతుంది. ముందురోజు నుంచే కొద్దికొద్దిగా తాగుతూ ఉంటే ఒంట్లోంచి వాటికి తడి అందుతుంది. ఆవిరి పడితే మాత్రం నేరుగా తగులుతుంది, అది మంచిది. గొంతు బొంగురు పోతే గుసగుసలాడుతూ మాట్లాడటం కూడా శ్రమే, అసలు మాట్లాడకపోవడం మేలు. రాత్రి పొద్దుపోయాక ఘాటుగా తిని వెంటనే పడుకుంటే పులితేన్పులొచ్చి పొద్దున్నే గొంతు మండుతుంది, పులస పులుసైనా సరే ఆ ఒక్క రాత్రికి ఆపుకోండి. (నవ్వులు) ఆల్‌నైట్ ప్రేయర్‌లో అరిచి అరిచి, తెల్లారి ఆడిషన్‌కి రావద్దు. ప్రార్థన మానమనడం లేదు, అరవకుండా చేసుకోవచ్చుగా.

ఇక ఆ రోజు సంగతి. మైకు తలకాయని గుప్పిట్లో మూసి పట్టుకోకండి, స్పీకర్ కూత పెడుతుంది. నోటికి రెండు మూడు వేళ్ల దూరం, పై స్వరాలకి ఇంకాస్త దూరం. మాటలు చూడకుండా వచ్చి ఉండాలి, ఫోన్ చూస్తూ పాడేవాడు జనాన్ని చూడలేడు. ‘హృదయం’, ‘శాంతి’, ‘ఆశీర్వాదం’ లాంటివి నోరు తిరిగేదాకా విడిగా చదువుకోండి. ‘గొంతు బాలేదండీ, నిన్నట్నుంచి జలుబు’ అని మొదలుపెట్టకండి, ఆ ముక్క చెప్పనివాడు ఇంతవరకు రాలేదు. పెద్ద సాక్ష్యం చెప్పొద్దు. జనాన్ని ‘ఇంకా గట్టిగా, చప్పట్లు ఏవీ, నిద్రపోతున్నారా’ అని దబాయించొద్దు. నాకు వ్యక్తిగతంగా అసలు నచ్చని పని అది. స్కేల్ అందక పాడలేకపోతున్నవాళ్లని పట్టుకుని భక్తి లేదన్నట్టు మాట్లాడతారు.

మీరు ఒకసారి పాడాక మేం ఏదో ఒకటి మార్చమంటాం. రెండు మెట్లు దించి పాడమంటాం, లేదా నెమ్మదిగా నడపమంటాం, లేదా ఇంకొకరిని తెచ్చి పక్కన నిలబెట్టి, పాట ఆ అమ్మాయి నడుపుతుంది, నువ్వు వెనక పాడు అంటాం. మీ ముందు మేం తల దించుకుని కాగితం మీద రాసుకునేది ఎక్కువగా అప్పుడే. పక్కవాళ్ల గొంతు వింటూ మీ గొంతు తగ్గించుకోగలిగారా, లేక వాళ్లని మించిపోవాలని చూశారా అన్నది అరనిమిషంలో తెలిసిపోతుంది. దీనికి ఇంట్లో సాధన చేయొచ్చు. స్నేహితుణ్ణి ఒకణ్ణి పిలిచి, వాడు పాడుతుంటే వాడి గొంతు మీకు స్పష్టంగా వినపడేంత మెల్లగా మీరూ పాడండి. వాడు ఎక్కడ ఊపిరి తీసుకుంటే మీరూ అక్కడే తీసుకోండి. వినడానికి తేలిగ్గా ఉంటుంది, చేస్తే తెలుస్తుంది. టెన్షన్ అందరికీ ఉంటుంది, చేతులు వణికినా మార్కులు తగ్గించం.

ఎవరో చెయ్యెత్తారు, చెప్పమ్మా. … ఆ, సెలెక్ట్ కాకపోతే ఎలా అంటోంది. మంచి ప్రశ్న. ఎందుకు తీసుకోలేదో ఒక్కొక్కరినీ విడిగా పిలిచి చెబుతాం, బోర్డు మీద పేర్లు అంటించేసి చేతులు దులుపుకోం. కొందరికి శృతి కుదరలేదని చెబుతాం, వాళ్లు గురువారం ప్రాక్టీసుకి వచ్చి కూర్చుని వింటూ ఉండొచ్చు, మళ్లీ ఈస్టర్ ముందు అవకాశం ఉంటుంది. కొందరికి పాటల స్లైడ్లు, సౌండ్ బాక్స్ దగ్గర పని ఉంటుంది. సరైన చరణం సరైన టైముకి తెర మీద పడకపోతే ఎంత మంచి పాటగాడైనా గాలిలో పాడుకోవాల్సిందే, కాబట్టి అదేదో ఓదార్పు బహుమతి అనుకోకండి. ఇంకా? … శనివారం ప్రాక్టీసు ఆలస్యమైతే పంటు దొరకదంటున్నారు. అయ్యగారితో మాట్లాడతా, రేవు అవతలివాళ్లకి టైము ముందుకి జరుపుదాం, మరీ ఆలస్యమైతే చించినాడ వంతెన మీదుగా బండి మీద దింపుతాం.

సరే, స్కేల్ తెలియనివాళ్లు ఎంతమంది? చేతులు దించకండి, నేను చూస్తున్నా. మీరంతా కీబోర్డు దగ్గరికి రండి, ఒక్కొక్కరూ మీ పాటలో అన్నిటికంటే పై లైను పాడండి, స్కేల్ రాసిస్తా. పంటువాళ్లు ముందు రండి.